పెరుగు తోడుకున్న కారు

బాపట్ల నుంచి ఒక సోదరి వ్రాశారు: "మా అబ్బాయి అమెరికాలో వుంటున్నాడు. ఇప్పుడున్న చిన్నకారు అమ్మేసి పెద్దది కొంటానంటున్నాడు. వచ్చే వేసవికి మేమిద్దరం వాడి దగ్గరకు వెళ్తున్నాం. మావారికి నడుంనొప్పి, నాకు మోకాళ్లనొప్పులు. వాడు ఫోను చేసినప్పుడల్లా ఇన్ని గుర్రాల బలం, ఇన్ని సెకండ్లలో ఇంత వేగం అని చదువుతాడు. నాకొక్క ముక్క అర్థం కాదు. మావంటివాళ్లకు ఎటువంటి కారు సుఖంగా వుంటుందో కాస్త మీ శీర్షికలో వ్రాయగలరా?"

ఈ వుత్తరం నా బల్లమీద వుండగానే మా ఆవిడ చదివి పకపక నవ్వింది. "సైకిలు తప్ప మరో బండి నడిపి ఎరగని మనిషినా ఈవిడ అడగడం!" అన్నది.

నిజమే. నాకు కారు నడపడం రాదు. యాభైయేళ్లుగా ఇతరుల కార్లలోనూ, టాక్సీలలోనూ, పెళ్లిబస్సులలోనూ నేను వెనకసీటు మనిషినే. కాని ఆలోచించి చూస్తే ఆ సోదరికి కావలసింది వెనకసీటు మనిషి అభిప్రాయమే గదా! స్టీరింగు దగ్గర కూర్చున్నవాళ్లు వ్రాసినవి ప్రపంచంలో కావలసినన్ని వున్నాయి. పైగా ఇదే పరీక్ష నిరుడు మా యింట్లో స్వయంగా జరిగింది. అంచేత ధైర్యం చేసి వ్రాస్తున్నాను.

ముందు అసలు సంగతి చెప్పాలి. నిరుటికి రెండేళ్ల క్రితం మేము మొదటిసారి మా అబ్బాయి దగ్గరకు వెళ్లాం. వాడుండేది న్యూజెర్సీ రాష్ట్రంలో ఎడిసన్ అనే వూరు. అప్పటి వాడి కారు నేలకు అంటుకుపోయినట్టు వుండేది. ఎక్కడమంటే కూలబడటం, దిగడమంటే నూతిలోంచి పైకి రావడం. పిట్స్‌బర్గు పక్కన పెన్‌హిల్స్‌లో వెంకటేశ్వరస్వామి గుడి వుంది. 1970లలో కట్టుకున్నది; అక్కడి మనవాళ్లకు అది పాతకాపు గుడి. మమ్మల్ని ఆ గుడికి తీసుకువెళ్లాడు. ఆరుగంటల ప్రయాణం. గుడిముందు కారు ఆగేసరికి మా ఆవిడ మోకాళ్లు బిగుసుకుపోయాయి. లేవలేకపోయింది. మావాడొక చెయ్యి, దారిన పోతున్న పుణ్యాత్ముడెవరో ఇంకొక చెయ్యి పట్టుకుని లాగితే గాని బయటపడలేదు. కట్టుకున్న పట్టుచీర నలిగింది, చెప్పొకటి కారులోనే వుండిపోయింది, నలుగురూ నిలబడి చూశారు.

ఆవిడ ఒక్క మాట అనలేదు. దర్శనం చేసుకుని వచ్చింది. కాని ఆ తరువాత అక్కడ వున్న నాలుగు నెలలూ కారెక్కమంటే ఏదో ఒక వంక. ఒకరోజు పప్పు నానబోశానన్నది, ఒకరోజు తలనొప్పి అన్నది. నిరుడు రెండో ప్రయాణానికి పెట్టెలు సర్దుతూ, "నేను రావడం మనవరాలి కోసం. నన్ను గుళ్లకూ గోపురాలకూ తిప్పనని మీ అబ్బాయిచేత ముందే చెప్పించండి" అని షరతు పెట్టింది. ముప్పయ్యారేళ్ల కాపురంలో గుడి వద్దన్న మాట ఆమె నోట వినడం నాకదే మొదలు.

ఈ కబురు మావాడికి చేరింది. వాడు నొచ్చుకుని కారు మార్చేస్తానన్నాడు. మేము వెళ్లేసరికి గోడమీద కాగితాలే కాగితాలు. ఆరు కార్ల పేర్లు, వాటి కింద అంకెలు. చివరికి వాడి మనసు పడిన బండి లెక్సస్ ఆర్.ఎక్స్. 350 హెచ్ అనేది. అక్కడ దీన్ని మధ్యరకం పరిమాణంలో ఖరీదైన క్రాసోవర్ అంటారు. ఖరీదు యాభైవేల డాలర్లకు పైచిలుకు. మన డబ్బులో నలభై లక్షలు దాటిన మాట. అంత సొమ్ము పొయ్యబోయేముందు దుకాణంవాళ్లు తిప్పే పదినిమిషాల షికారును నమ్మడమేమిటని, అదే బండి వున్న స్నేహితుణ్ణి అడిగి రెండురోజులకు కార్లు మార్చుకున్నాడు. ఇది నాకు చాలా నచ్చింది. పెళ్లిచూపులలో పాడిన పాటనుబట్టి కాపురం ఎలా వుంటుందో చెప్పలేం గదా!

ఇంతకూ ఈ క్రాసోవర్ అంటే ఏమిటి? ఇది తెలిస్తే సోదరి సగం ప్రశ్నకు జవాబు దొరికినట్టే.

మన జీపులూ, లారీలూ ఎలా తయారవుతాయో చూశారా? కింద నిచ్చెనలాంటి ఇనపచట్రం వుంటుంది. దానిమీద శరీరాన్ని తెచ్చి బిగిస్తారు. బరువు మొయ్యడానికీ, రాళ్లగుట్టలమీద పోవడానికీ అది దివ్యంగా వుంటుంది. కాని ఎత్తు ఎక్కువ, కుదుపు ఎక్కువ. మామూలు కారుకు వేరే చట్రం వుండదు. కోడిగుడ్డు పెంకులాగా దాని శరీరమే దాని బలం. అది మెత్తగా పోతుంది గాని కూర్చునే చోటు పల్లం. ఈ రెంటినీ కలిపి, కారులాగే కట్టి, జీపంత కాకపోయినా కాస్త ఎత్తుగా నిలబెట్టినదే క్రాసోవర్. ఖరీదైన కార్లలో ఈ పద్ధతికి బాట వేసినవాటిలో మొదట చెప్పుకోవలసింది ఈ ఆర్.ఎక్స్. బండినే. 1997 చివర జపానులో టయోటా హారియర్ అనే పేరుతో పుట్టి, 1998లో అమెరికాలో లెక్సస్ ఆర్.ఎక్స్. 300 అయింది. లోపల ఎముకలన్నీ కామ్రీ కారు వంశానివే. 2005లో పెట్రోలూ కరెంటూ కలిసి నడిపే రకం వచ్చింది. మావాడు చూసినది 2022లో బయటికి వచ్చిన అయిదో తరం.

ఇంత చరిత్ర మావాడు చెబుతుంటే మా ఆవిడ వినలేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగింది. తలుపు తీయించింది. సీటుకు వీపు తిప్పి నిలబడి, వెనక్కి కూర్చుని, రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకున్నది. మోకాలు పూర్తిగా మడవనక్కరలేకపోయింది. దిగింది. మళ్లీ ఎక్కింది. మళ్లీ దిగింది. ముఖంలో ఏ భావమూ లేకుండా, "ఇది మన అంబాసిడర్ ఎత్తే గదండీ!" అన్నది.

నేను నివ్వెరపోయాను. నిజంగా అంతే! 2014లో తయారీ ఆగిపోయిన మన అంబాసిడర్‌ను తలుచుకోండి. పడక్కుర్చీలాంటి సీటు, మనిషి తుంటికి సరిగ్గా అందే ఎత్తు. మా పెద్దమ్మ తొంభైయేళ్లు దగ్గరపడుతుండగా కూడా అందులో ఎవరి సాయమూ లేకుండా ఎక్కేది. తరువాత కార్లు నాజూకవుతూ, గాలిని కోసుకుపోవాలని పొట్టివవుతూ, సీటు కిందికి దిగిపోయింది. దాంతో ముసలివాళ్లు నూతిలో పడ్డారు. ఇప్పుడు ఇన్ని తిప్పలు పడి, ఇంత డబ్బు పుచ్చుకుని, మళ్లీ ఆ సీటును తుంటి ఎత్తుకు తెచ్చారు. మరీ పెద్ద బండ్లలో ఇదే సీటు ఇంకా పైకి పోయి, ఎక్కడానికి మెట్టు కావలసివస్తుంది. అది మోకాలికి వేరే శిక్ష. అందుకని సోదరీ, అంకెలు చూడకముందే ఈ పరీక్ష చెయ్యండి. సీటు అంచు మీ తుంటికి సమంగా వుండాలి. కిందికి వుంటే లేవలేరు, పైకి వుంటే ఎక్కలేరు.

రెండోనాడు తెల్లవారుజామున పెన్‌హిల్స్ ప్రయాణం నిర్ణయమైంది. మా ఆవిడను ఎలా ఒప్పించారని అడగకండి, మనవరాలు ఒప్పించింది. బయలుదేరేముందు ఆవిడ వంటింట్లోంచి మూతపెట్టిన స్టీలుగిన్నె ఒకటి పట్టుకొచ్చింది. గోరువెచ్చని పాలలో అప్పుడే తోడు వేసింది. "ఇది డిక్కీలో కదలకుండా పెట్టండి. పెన్‌హిల్స్ చేరేసరికి పెరుగు గట్టిగా తోడుకుంటే మీ కారు మంచిది. విరిగి నీళ్లోడితే మీ కాగితాలు చించేసెయ్యండి" అన్నది. తోడువేసిన గిన్నెను కదిలిస్తే ఏమవుతుందో ఇల్లాళ్లకు నేను చెప్పనక్కరలేదు. మావాడు నవ్వాడు. కోడలు మాత్రం నవ్వకుండా గిన్నె తీసుకుని చుట్టూ తువ్వాలు చుట్టి ఒక మూల కుదురుగా పెట్టింది.

ముందుసీటులో మావాడి పక్కన మా ఆవిడ. వెనక ఒకవైపు ఎత్తుపీట సీటులో ఏడేళ్ల మనవరాలు, ఇంకొకవైపు కోడలు, నడుమ నేను. అయిదుగురికని చెప్పే ఏ కారులోనైనా నడుమవాడిది సవతిబిడ్డ బతుకే. మెత్తదనమంతా ఇరుపక్కలవాళ్లకు పోగా మిగిలిన గట్టుమీద కూర్చోవాలి. ఈ అయిదో తరం ఆర్.ఎక్స్.లో మూడో వరస లేనేలేదు. అంచేత మీ ఇంట్లో నలుగురైతే ఇది సుఖం. అయిదుగురైతే సర్దుకోవాలి. ఆరుగురైతే వేరే బండి చూసుకోవాలి. ఈ లెక్క చాలామంది కారు కొన్నాక వేసుకుంటారు.

ఇక అందరూ అడిగే బలం సంగతి. ఇందులో రెండున్నర లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోలింజను, దానికి తోడు కరెంటు మోటార్లు. అన్నీ కలిపి 246 గుర్రాల బలమట. అంబాసిడర్ మొదటి రోజులలో యాభై చిల్లర గుర్రాలతో తొమ్మిదిమందిమి పెళ్లికి వెళ్లివచ్చామని నేనంటే మావాడు నమ్మలేదు. నిలబడినచోటినుంచి గంటకు 60 మైళ్ల వేగం అందుకోవడానికి దీనికి 7 సెకండ్ల పైచిలుకు పడుతుందని తయారుచేసినవాళ్ల లెక్క. ఇది ఎవరికి కావాలి అని నేను మొదట వెక్కిరించాను. కాని ఒకచోట కావాలి. చిన్నరోడ్డునుంచి పెద్దరహదారిలోకి చేరే చోట. అక్కడ బండ్లన్నీ 65, 70 మైళ్ల వేగంతో పోతుంటాయి. మనం పక్కనుంచి ఎక్కి, అంతే వేగం తెచ్చుకుని, నడుమ సందు చూసుకుని దూరాలి. పాతకారులో ఆ క్షణాన మా ఆవిడ కళ్లు మూసుకుని గోవిందనామం చదివేది. ఈసారి కళ్లు తెరిచే వుంది. బలమున్న బండి గనక మావాడు తొందరపడలేదు. వాడు తొందరపడలేదు గనక మేము భయపడలేదు. వేగం సంగతిలో వెనకసీటువాళ్లకు కావలసిన లాభం ఇంతే. ఇంతకు మించినది కుర్రతనం.

హారిస్‌బర్గు దాటి కార్లైల్ దగ్గర పెన్సిల్వేనియా టర్న్‌పైక్ ఎక్కాం. 1940లో తెరిచిన రహదారి అది. పూర్వమెప్పుడో రైలు కోసం తవ్వి మధ్యలో వదిలేసిన సొరంగాలను వాడుకుని వేశారట. ఇప్పుడు ఆ దారిలో నాలుగు సొరంగాలు వస్తాయి. వాటి నడుమ అలిఘేనీ కొండల ఎగుడుదిగుళ్లు. కారుకు అసలు పరీక్ష అక్కడే.

ఎగువ ఎక్కేటప్పుడు మావాడు కాలు గట్టిగా నొక్కితే ఇంజను గొంతు పెంచింది. ఈ బండిలో మెట్టుమెట్టుగా మార్చుకునే గేర్లుండవు. ఎక్కువ బలం కావలసివస్తే ఇంజను ఒకే స్థాయిలో గుంయిమంటూ వుంటుంది. వేగం దాని వెనక తీరిగ్గా వస్తుంది. పాత ఆర్.ఎక్స్.లలో ఆరు సిలిండర్ల ఇంజను వుండేదనీ, దాని నాదం వేరనీ విచారించేవాళ్లు వున్నారు. 2022 నాటి మార్పులో ఆ ఇంజను తీసేశారు. నా మటుకు నాకు కొండమీద రెండు నిమిషాల గుంయిమనడం కన్నా మైదానంలో రెండు గంటల నిశ్శబ్దం ఎక్కువ విలువైనదిగా తోచింది. వెనకసీటులో కూర్చున్న నేను ముందుసీటులో వున్న మా ఆవిడతో గొంతు పెంచకుండా మాట్లాడగలిగాను. వినిపించలేదన్న సాకు ఆవిడకూ లేకపోయింది, నాకూ లేకపోయింది. ఇది లాభమో నష్టమో సంసారులే తేల్చుకోవాలి.

మనవరాలికి వంపుదారుల్లో కడుపులో తిప్పడం అలవాటు. కళ్లు పలకమీది బొమ్మలను చూస్తూ 'కదలటంలేదు' అంటాయి. చెవిలోపలి తూకపుయంత్రం 'కదులుతున్నాం' అంటుంది. ఈ తగవులో కడుపు తిరుగుతుంది. ఎంత ఖరీదైన కారూ ఈ తగవు తీర్చలేదు. కోడలు ఆ పలక లాక్కుని దాచేసి, దూరంగా కొండ శిఖరం చూడమని కథ మొదలుపెట్టింది. మావాణ్ణి మాత్రం, "బ్రేకు మీద కాలు మెత్తగా" అని రెండుసార్లు హెచ్చరించింది. సుఖంలో సగం కారుది, సగం నడిపేవాడి పాదానిది అని నాకు అప్పుడు తెలిసింది. ఆ రోజు పిల్ల ఒక్కసారీ వాంతి చేసుకోలేదు.

చక్రాల సంగతి ఇక్కడే చెప్పాలి. దుకాణాల్లో ఎవరూ చెప్పని రహస్యమిది. ఇదే కారును 19 అంగుళాల చక్రాలతోనూ ఇస్తారు, 21 అంగుళాల చక్రాలతోనూ ఇస్తారు. పెద్దవి చూడటానికి షోకు, డబ్బూ ఎక్కువే. కాని టైరు బయటికొలత రెంటికీ ఇంచుమించు ఒకటే గనక, లోపలి ఇనుము పెద్దదైతే చుట్టూ వున్న రబ్బరు సన్నబడాలి. 19 అంగుళాల చక్రం మీద రబ్బరు అంచు ఎత్తు సుమారు 14 సెంటీమీటర్లు. 21 అంగుళాలదాని మీద 12 కూడా వుండదు. గుంత తగిలినప్పుడు మన నడుముకూ రోడ్డుకూ అడ్డంగా వుండే మొదటి పరుపు ఆ రబ్బరే. పరుపు పలచన చేయించుకోవడానికి అదనంగా డబ్బిచ్చేవాళ్లను నేనిక్కడే చూశాను. స్నేహితుడి కారుకున్నవి 19 అంగుళాలవి. నడుంనొప్పి వున్న బాపట్ల బావగారికి ఈ ఒక్క పేరా చదివి వినిపిస్తే చాలు.

నడుమ ఒకచోట కాఫీకి ఆగినప్పుడు చిన్న తమాషా జరిగింది. ఈ కారు తలుపుకు లోపల లాగే పిడి కనబడదు. ఒక మీట నొక్కితే కరెంటుతో తెరుచుకుంటుంది. మా ఆవిడ తడిమి తడిమి మీట పట్టుకుని నొక్కింది; తలుపు తెరుచుకోలేదు, కుయ్యిమన్నది. "అయ్యో, విరగ్గొట్టాను కాబోలు!" అని చెయ్యి వెనక్కి తీసుకుంది. అదే క్షణాన వెనకనుంచి ఒక బండి మమ్మల్ని రాసుకున్నట్టు వెళ్లింది. వెనకనుంచి వాహనం వస్తుంటే తలుపు తెరవనివ్వని ఏర్పాటు అందులో వుందట. మావాడు వివరించాక ఆవిడ తలుపువంక కొత్తగా చూసి, "మా అత్తగారు కూడా ఇలాగే వీధిగుమ్మం దగ్గర పట్టుకునేది" అన్నది. కరెంటు చచ్చినా తలుపు చేత్తో లాగి తెరుచుకునే వీలుందని కూడా మావాడు చూపించాడు. పెద్దవాళ్లను ఎక్కించుకునేవాళ్లు ఇది తప్పకుండా ముందే చూపించాలి. అయినవాళ్లముందు తలుపు తెరవడం రాక తికమకపడటం వయసుమళ్లినవాళ్లకు చిన్న అవమానం కాదు.

పన్నెండు దాటాక గుడి దగ్గర ఆగాం. మావాడు పాత భయంతో ఇంజను ఆపీ ఆపకుండానే దిగి, కారుచుట్టూ పరుగెత్తాడు తల్లిని దింపడానికి. వాడు వచ్చేసరికి ఆవిడ దిగి నిలబడి వుంది. ఒక చెయ్యి తలుపుమీద, ఇంకొక చేత్తో కుచ్చిళ్లు సర్దుకుంటోంది. "అంత పరుగెందుకురా, పడతావు" అన్నది. మావాడు ఏమీ అనలేక డిక్కీ తెరవడానికి వెళ్లాడు. నేను అటు తిరిగి గోపురం చూశాను.

పెరుగు సంగతి మరిచిపోలేదు. తువ్వాలు విప్పి మూత తీశారు. తోడుకుంది. గట్టిగానే తోడుకుంది. ఒక అంచున మాత్రం సన్నని చీలిక, అందులో చెంచాడు నీరు. దారిలో మరమ్మతు జరుగుతున్న చోట కాస్త కుదిపిందిలే అని మావాడు సమర్థించబోయాడు. "నూటికి తొంభై మార్కులు" అన్నది పరీక్షకురాలు. మధ్యాహ్నం దద్దోజనంలోకి అదే వాడాం.

తిరుగు ప్రయాణంలో ఖరీదు మాట వచ్చింది. అంతవరకూ ఆవిడకు వాడు ధర చెప్పలేదు. వినేసరికి ఆవిడ మొహం చిన్నబోయింది. "మేముండేది రెండేళ్లకొకసారి ఆరు నెలలు. మాకోసం అంత అప్పు చేస్తావా? వద్దు నాయనా. నేను ఇంట్లోనే వుంటాను, నాకేం లోటు?" అన్నది. కారులో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం కంపెనీవాళ్లు ఇచ్చినది కాదు.

అప్పుడు కోడలు నోరు విప్పింది. అంతవరకూ మాకెవరికీ తోచని సంగతొకటి వుంది. మావాడు ఇంట్లో కూర్చునే ఉద్యోగం చేస్తాడు. రోజూ 40 మైళ్లు నడిపేది కోడలు. ఇన్నాళ్లు గోడమీద కాగితాలన్నీ అంటించినవాడు ఆమెను ఒక్కమాట అడగలేదు!

"అత్తయ్యగారూ, మీకోసం అనుకోకండి. మీ మోకాళ్లు రేపు నాకూ వస్తాయి. నేను పొట్టిదాన్ని, పాతకారులో మెడ సాచి చూస్తూ నడుపుతున్నాను. దీంట్లో ముందు దారి నాకు బాగా కనిపిస్తున్నది" అన్నది. తరువాత మొగుడివైపు తిరిగి, "కాని కొత్తది అక్కరలేదు. రెండేళ్లు వాడినది చూద్దాం. పెద్ద చక్రాలు వద్దు, అద్దాల పైకప్పు వద్దు. ఈ కరెంటు కలిసిన రకమే కావాలి" అన్నది.

ఆమె వేసిన లెక్క నేను అక్కడే కాగితం మీద వ్రాసుకున్నాను. ఆ దేశపు ప్రభుత్వపు కొలతప్రకారం ఈ రకం గాలనుకు 36 మైళ్లు, అంటే మన లెక్కలో లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తుంది. కరెంటు కలవని రకం, నాలుగు చక్రాలూ లాగేది, సుమారు 24 మైళ్లు. ఏడాదికి 12,000 మైళ్లు తిరిగితే దీనికి 333 గాలన్లు, దానికి 500. బ్రేకు వేసినప్పుడల్లా వృథాగా పోయే బలాన్ని కరెంటుగా మార్చి దాచుకుంటుంది గనక ఆగి ఆగి నడిచే ఊళ్లోనే దీని పొదుపు ఎక్కువ. గోడకు తగిలించి కరెంటు ఎక్కించనక్కరలేదు. రోజూ ఉద్యోగానికి పోయేవాళ్లకు ఇది పనికివచ్చే సుగుణం. ఎప్పుడో ఒకసారి దూరప్రయాణం చేసేవాళ్లకు ఇంత తేడా కనిపించదు.

నెల తిరక్కుండా రెండేళ్లనాటి బండి ఒకటి కొన్నారు. కొత్తదానికన్నా చాలా తగ్గింది. మావాడికి ఎర్రరంగు కావాలని వుండేది; దొరికినది బూడిదరంగు. మిగిలిన మూడు నెలల్లో మా ఆవిడ అయిదు గుళ్లు, రెండు పేరంటాలు, ఒక జలపాతం చూసింది. పప్పు నానబోసిన మాటే వినబడలేదు.

ఇక్కడే కొనుక్కుందామనుకునే పాఠకులకు ఒక మాట. ఈ బండి మన దేశంలోనూ దొరుకుతుంది. 2023లో వచ్చినప్పుడు దాని ధర 95 లక్షల పైనుంచి మొదలైంది. విదేశంనుంచి తయారై వచ్చేదానిమీద సుంకం ఆ మాత్రం వుంటుంది. ఆ ధరకు నేను ఎవరికీ సిఫారసు చెయ్యను. తుంటి ఎత్తు సీటూ, మందపాటి టైరూ ఇంతకన్నా ఎంతో తక్కువకు మన బజారులోనే దొరుకుతాయి. కొలిచేవాళ్లు కావాలి గాని.

బాపట్ల సోదరికి నా జవాబు: మీ అబ్బాయిని తొందరపడవద్దనండి. మీరు వెళ్లిన తరువాతే, మిమ్మల్నిద్దరినీ వెంటబెట్టుకుని వెళ్లి చూడమనండి. ప్రతి కారూ రెండుసార్లు ఎక్కి, రెండుసార్లు దిగండి. బావగారిని వెనకసీటులో అరగంట కూర్చోబెట్టండి. చక్రాల అంగుళాలు అడగండి. రోజూ నడిపేది మీ కోడలైతే ఆమెను ముందు అడగమనండి. గిన్నె మాత్రం మూత బిగుతుగా వున్నది తీసుకెళ్లండి. తేలిన సంగతి నాకొక వుత్తరం ముక్క వ్రాయండి. పెరుగు తోడుకున్నదో లేదో అదీ వ్రాయండి. మా ఆవిడ అడుగుతున్నది.